దైవధ్యాన సాధన – నాలుగవ పాఠం: పాదాల దగ్గర నిలవడం

గడచిన మూడు పాఠాలలో ఆసనం కుదుర్చుకోవడం, వేళ నిర్ణయించుకోవడం, ఊపిరిని బలవంతపెట్టకుండా దానితోపాటు నామాన్ని నడిపించడం చూశాం. ప్రతిరోజూ ఒకేచోట ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోగలుగుతున్నవారు ఈ పాఠంలోకి రావచ్చు. ఇంకా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నవారు, నామం మధ్యలోనే ఆగిపోతున్నవారు మరో వారం మూడవ పాఠంలోనే ఉండండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుంటే అది ధ్యానం కాదేమోనన్న సందేహం మాత్రం పెట్టుకోవద్దు. ఈ వారం నామానికి రూపాన్ని జతచేస్తాం.

ముందుగా ఒక రూపాన్ని ఎంచుకోవాలి. పూజగదిలో ఎన్ని పటాలున్నా ధ్యానానికి ఒక్కటే పనికివస్తుంది. ఈ సంగతి తెలియక నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను. శనివారం వేంకటేశ్వరస్వామి, గురువారం దత్తాత్రేయుడు, శ్రావణం రాగానే లక్ష్మీదేవి. పెళ్ళింట్లో అందరినీ పలకరించి ఎవరి దగ్గరా కూర్చోని చుట్టంలాగా నా మనసు తిరుగుతూనే ఉండేది. పూజ ఎందరికైనా చేసుకోవచ్చు, పండుగలన్నీ జరుపుకోవచ్చు. కళ్ళు మూసుకొని కూర్చున్న ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఒక్కరి ఎదుటే గడపాలి. ఎంచుకున్న పటంలో పాదాలు స్పష్టంగా కనబడాలి. మన ఇళ్ళలో పటానికి వేసిన పూలదండ కిందికి జారి సరిగ్గా పాదాలనే కప్పేస్తుంది కాబట్టి, దండను కాస్త పైకి సర్దుకోండి. లింగాన్ని ధ్యానించే శివభక్తులు ఈ పాఠంలో పాదాలు అన్నచోటల్లా పానవట్టం అని చదువుకోవాలి. అక్కడ మొదలుపెట్టి, విభూతి రేఖల మీదుగా, పైనుంచి చుక్కచుక్కగా పడే అభిషేకధార వరకు వారి క్రమం సాగుతుంది.

పాదాల నుంచే మొదలుపెట్టాలన్న నియమం నాది కాదు. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి ధ్యానం నేర్పుతూ, మొత్తం రూపం మీద మనసు కుదురుకున్నాక దానిని ఒక్కొక్క అవయవం మీద విడిగా నిలపమంటాడు. మొదట పాదాలు, ఆ అరికాళ్ళలోని వజ్రం, అంకుశం, ధ్వజం, పద్మం అనే గుర్తులు. ఆ తరువాత మోకాళ్ళు, ఊరువులు, నాభి, వక్షఃస్థలం, కంఠం, బాహువులు, ముఖం, చివరకు చిరునవ్వు. తిన్నగా ముఖం దగ్గరకే ఎందుకు వెళ్ళకూడదని అడిగేవారికి శాస్త్రకారణం కాక నా అనుభవం ఒకటి చెబుతాను. ముఖం ఎదురుగా రాగానే అడగవలసినవన్నీ వరుసకడతాయి: అమ్మాయి సంబంధం, అబ్బాయి వీసా, మోకాలి నొప్పి. పాదాల దగ్గర మనిషి ఎందుకో అంతగా అడగడు.

ఇక పద్ధతి. దీపం వెలిగించి, పటం ఎదుట కూర్చొని, కళ్ళు తెరిచే పాదాలను మూడు నామాలంతసేపు చూడండి. కాలివేళ్ళు, అందెలు, పాదాల అంచును తాకుతున్న పీతాంబరపు జరీ. ఇంతకుమించి పైకి చూపు పోనివ్వకండి. తరువాత కళ్ళు మూసుకొని, చూసినది ఎంత నిలిస్తే అంతసేపు దానితో ఉండండి. చెదరిపోగానే మళ్ళీ కళ్ళు తెరిచి చూడండి. మొదటి రెండు రోజులు తెరవడం, మూయడం అనే ఈ ఆటలోనే గడిచిపోతాయి.

ఇక్కడ దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది: కళ్ళు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ కనబడటం లేదని. కనబడాలన్న పట్టుదలే తప్పు. ఒకసారి మీ ఇంటి గడపను తలుచుకోండి. పసుపు ఏ చివర చెరిగిపోయిందో, కుంకుమబొట్లు ఎన్ని పెడతారో, ఏ మూల చెక్క లేచి పాదానికి గుచ్చుకుంటుందో మీకు తెలుసు. అయినా గడప మీకు ఫోటోలా కళ్ళముందు నిలవలేదు. స్వామి పాదాలు కూడా అలా తెలిస్తే చాలు. గడప మీ ఎదుట ఉన్నట్లు ఎంత నమ్మకంగా తెలుసో, పాదాలు ఎదుట ఉన్నట్లు అంత నమ్మకంగా తెలియడమే ఈ వారం సంపాదించవలసిన నేర్పు.

మనసు పారిపోవడం గురించి గీత ఆరవ అధ్యాయం 26వ శ్లోకం ‘యతో యతో నిశ్చరతి’ అంటూ, అది ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి మళ్ళించి తీసుకురమ్మంటుంది. పోకుండా కట్టివేయమనలేదు. అయితే ఎలా మళ్ళించాలన్నది సాధకుడికి ఎదురయ్యే ప్రశ్న. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు ఇది వ్యాకరణంగానే అర్థమయింది. మన ఆలోచనలన్నీ ఉత్తమ పురుషలో నడుస్తాయి: నేను బిల్లు కట్టాలి, నేను ఆ మాట అనకుండా ఉండవలసింది. పురాణాల్లో, ప్రవచనాల్లో దేవుడి గురించి వినేదంతా ప్రథమ పురుషలో ఉంటుంది: ఆయన గజేంద్రుణ్ణి కాపాడాడు, ఆయన దయామయుడు. దైవధ్యానానికి కావలసింది మధ్యమ పురుష. ‘నీవు’ అనగలిగిన క్షణంలోనే ఎదుట ఒకరున్నారు. మనసును ఖాళీ చేసుకునే పద్ధతులు వేరే ఉన్నాయి, వాటిని నేను తక్కువచేయడం లేదు. మన దారిలో మాత్రం మనసును ఖాళీ చేయము, ఒకరి ఎదుట కూర్చోబెడతాము.

దీన్ని ఆచరణలో పెట్టడం తేలిక. తెల్లవారుజామున ఐదు గంటలకు కూర్చున్నారనుకోండి. ఆ రోజు నల్లా వచ్చే రోజు. కింద మోటారు మోత మొదలవుతుంది. ‘ట్యాంకు నిండిందో లేదో’ అన్న ఆలోచన వస్తుంది. దాన్ని తోసివేయకండి, దానికి ముందు ఒక్క సంబోధన చేర్చండి: ‘స్వామీ, ట్యాంకు నిండిందో లేదో.’ అంతే. ఇంతవరకు గాలిలో తిరిగిన వాక్యానికి ఇప్పుడు వినేవారు దొరికారు. వినేవారు ఎదుటే ఉన్నారు కాబట్టి మీ చూపు తిరిగి పాదాల మీదికి వచ్చేస్తుంది. ఒక్క వాక్యమే చెప్పాలన్నది గట్టి నియమం. ‘స్వామీ, ట్యాంకు నిండిందో లేదో, నిన్న వాచ్‌మన్ మోటారు కట్టడం మరిచిపోయాడు, అసోసియేషన్‌వాళ్ళకు చెబితే...’ అని సాగదీస్తే సంబోధన పేరుకే మిగులుతుంది, మీరు మళ్ళీ మెట్లు దిగి మోటారు దగ్గరకు వెళ్ళిపోయినట్టే.

ఈ మధ్యమ పురుషకు ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాకు పిల్లల్ని తీసుకొని ఎప్పుడో వెళ్ళే ఉంటారు. ఈసారి ఈ పాఠం గుర్తుపెట్టుకొని వెళ్ళండి. పాల్వంచ తహశీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడన్న నేరానికి తానీషా కాలంలో కంచర్ల గోపన్న ఆ గదిలో పన్నెండేళ్ళు ఉన్నాడని చెబుతారు. గోడ మీద ఆయనే చెక్కినవని చెప్పుకునే సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలు ఇప్పటికీ ఉన్నాయి. కళ్ళు వెలుతురుకు అలవాటుపడేదాకా ఆగి వాటిని చూడండి. మనసు నిలవడానికి ఒక రూపం కావలసివస్తే, చేతికి అందిన రాతిమీదనే దాన్ని నిలుపుకున్న మనిషి ఆయన. ఇక ఆయన కీర్తనలు చూస్తే, సీతమ్మకు చేయించిన చింతాకు పతకం దగ్గర నుంచి ఖర్చులన్నీ రాముడికే ఏకరువు పెట్టి, దెబ్బల బాధకు ఓర్వలేక కోపంతో మాట జారి, మళ్ళీ ఆ రాముణ్ణే వేడుకున్నాడు. లెక్కలు, కోపం, బాధ ఏవీ ఆయనను రాముడికి దూరం చేయలేదు, ఎందుకంటే అవన్నీ రాముడితోనే చెప్పాడు.

నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం కూడా ఈ వారం అభ్యాసానికి అనువైన చోటు. 1976లో రామకృష్ణ మిషన్‌కు చెందిన రంగనాథానందస్వామి దాన్ని ప్రతిష్ఠించారు. గుడి వాతావరణం ధ్యానానికి తగినట్లు ఉండాలన్న ఆయన కోరిక మేరకు అక్కడ గంటలు పెట్టలేదు. దర్శనంలో క్యూ కదిలేలోగా పాదాలు మాత్రమే చూసి, బయట పాలరాతి మెట్ల మీద ఒక పక్కన కూర్చొని వాటిని గుర్తుచేసుకోండి. సెలవురోజు సాయంత్రం వెళ్ళకండి, జనం తాకిడిలో కూర్చోవడం కుదరదు.

చిలుకూరులో ప్రదక్షిణలు చేస్తూ కార్డు మీద అంకెలకు టిక్కు పెట్టుకోవడం మనకు అలవాటే. ఇక్కడ అటువంటి కార్డు వద్దు. మనసు ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టడం కూడా మనసు చేసే మరో ప్రయాణమే.

పతంజలి చిత్తాన్ని ఒకచోట కట్టడాన్ని ధారణ అనీ, ఆ తలంపు తెగకుండా సాగడాన్ని ధ్యానం అనీ అన్నాడు. రామానుజులు ఆ తెగకపోవడాన్ని తైలధారతో పోల్చారు. ఈ పోలిక చదివి వదిలేయకుండా రేపు దీపం పెట్టేటప్పుడు చేసి చూడండి. ఒక చెంచాతో నీళ్ళు వంచితే అవి ముక్కలుముక్కలుగా, చప్పుడు చేస్తూ పడతాయి. అదే చెంచాతో నువ్వులనూనెను కుందిలోకి వంచండి. దారంలా సన్నబడుతుందే తప్ప తెగదు, చప్పుడూ చేయదు, చెంచాను కాస్త పైకెత్తినా ఆ దారం అలాగే సాగుతుంది. మనం ఇంకా నీళ్ళ దశలోనే ఉన్నాం. రెండు చుక్కల మధ్య ఎడం తగ్గితే ఈ నెలకు అది చాలు.

కొద్దిరోజులకు కొందరికి కళ్ళ ముందు వెలుగులు, రంగులు తోచవచ్చు. వాటికీ ఆ ఒక్క వాక్యమే: ‘స్వామీ, ఏదో వెలుగు.’ వెంటనే పాదాల దగ్గరకు రండి. నిద్ర వస్తే లేచి ముఖం కడుక్కోండి; రోజూ వస్తుంటే రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెడుతున్నారో చూసుకోండి. మానసిక వ్యాధులకు మందులు వాడుతున్నవారు తమ డాక్టరును అడిగి మాత్రమే ఈ అభ్యాసం చేయాలి, మందులు మానవద్దు.

ఈ ఏడు రోజులూ మోకాళ్ళ దాకా కూడా వెళ్ళకండి. చివరి రెండు నిమిషాలు నామాన్ని కూడా ఆపి, పాదాల ఎదుట ఊరికే ఉండండి. లేచేముందు తల వంచి నేలను తాకండి. వచ్చే పాఠం మోకాళ్ళ దగ్గర మొదలవుతుంది. పాదాల దగ్గరే ఇంకొన్నాళ్ళు ఉండిపోవాలనిపించినవారు ఉండిపోవచ్చు, పాఠం ఎక్కడికీ పోదు.