ఊరి దర్గా మసీదు ఎప్పటిదో రికార్డు చేయడం ఎలా?

పల్లె దర్గాల్లో వలీ (సూఫీ సాధువు) సమాధి, మసీదు, వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకునే హౌజు (నీటి తొట్టి) ఒకే ఆవరణలో ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేసారి కట్టారనుకోవద్దు. ఒక్కోదానికి వేరే కాగితం పెట్టండి. వలీ కన్నుమూసిన ఏడాదిని మసీదు తేదీగా రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ముతవల్లీ (దర్గా ఆస్తుల నిర్వాహకుడు) అనుమతి తీసుకున్నాకే టేపు బయటికి తీయండి. సమాధి గదిలోకి ఎవరెవరు వెళ్లొచ్చో ముజావర్‌ను (దర్గా సేవకుడిని) అడగండి.

మొదట కొలతలు. గది నాలుగు వైపులతోపాటు రెండు కర్ణాలూ కొలవాలి. పాత గదులు మూలమట్టానికి ఉండవు, కర్ణాలు లేకపోతే ఇంటికొచ్చాక ప్లాను గీత కలవదు. గోడ మందం తలుపు దగ్గర దొరుకుతుంది. మసీదు ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా రాసుకోండి. హైదరాబాద్ నుంచి ఖిబ్లా (నమాజుకు తిరిగే మక్కా దిక్కు) దాదాపు 283 డిగ్రీలు, అంటే నేరు పడమరకు 13 డిగ్రీలు ఉత్తరంగా. ఇనుప గ్రిల్ పక్కన దిక్సూచి తప్పు చూపిస్తుంది, దూరంగా నిలబడి చూడండి.

తర్వాత గోడల అతుకులు. అసలు సమాచారమంతా ఇక్కడే ఉంటుంది, తొందరపడొద్దు. మసీదు గోడ, దర్గా గోడ కలిసే మూలలో రాళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరి ఉంటే రెండూ కలిపి కట్టినవే. కింది నుంచి పైదాకా నిలువు సందు ఉంటే ఒకటి తర్వాత చేర్చింది. ఆ సందులోకి టార్చి వేయండి. ఏ గోడ మీది గచ్చు (సున్నపు పూత) రెండో గోడ వెనక్కి కూడా సాగిందో, అదే ముందుది. డంగు సున్నం మీద సిమెంటు పూసి ఉంటే ఈ ఆనవాలు కనబడదు. పూత ఊడిన చోటు వెతకండి గానీ మీరు గీకొద్దు.

శాసనాన్ని చీకటి పడ్డాక, టార్చి పక్కవాటుగా పట్టి ఫొటో తీయండి. అక్షరాల్లో సుద్ద, పసుపు నింపొద్దు. శాసనం మీద అంకెలు లేకపోతే తేదీ మాటల్లో దాగి ఉండొచ్చు. అబ్జద్ లెక్కలో ఒక్కో అరబ్బీ అక్షరానికి ఒక అంకె విలువ ఉంటుంది. 'యా హాఫిజ్' ఆ లెక్కలో 10+1+8+1+80+900, మొత్తం 1000 హిజ్రీ (ముస్లింల చాంద్రమాన శకం). పలికేది కాదు, రాసిన అక్షరాలనే లెక్కపెట్టాలి. హిజ్రీ ఏడాది చిన్నది కాబట్టి 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం 1592 వస్తుంది. ఆ హిజ్రీ ఏడు 1591 అక్టోబరులో మొదలైంది కాబట్టి 1591-92 అని రాయండి. రాయి చుట్టూ గచ్చు కొత్తగా ఉంటే అది వేరే చోటి నుంచి తెచ్చిందో, మరమ్మతుకు సంబంధించిందో కావచ్చు.

చివరికి కాగితాలు. నిజాం ప్రాంతంలో మున్తఖబ్ (ఇనాం విచారణ ఉత్తర్వు), సేత్వార్ (సర్వే నంబర్ల రికార్డు). ఆంధ్ర వైపు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (ఇనాం భూముల రికార్డు). రెండు చోట్లా వక్ఫ్ గెజిట్ (వక్ఫ్ ఆస్తుల ప్రభుత్వ జాబితా). వీటిలో ఉండేది భూమి, సర్వే నంబరు, ఇనాందారు. కట్టడం తేదీ కోసం వీటినే నమ్ముకోవద్దు. ఫలానా ఏటికి దర్గా ఉందని మాత్రం తేలుతుంది. ఏడు ఫసలీలో (శిస్తు లెక్కల సంవత్సరం) ఉందా, హిజ్రీలో ఉందా చూసుకోండి. 1295 ఫసలీ అయితే 590 కలిపి 1885, హిజ్రీ అయితే 1878.