గర్భసంచి ఆపరేషన్ తర్వాత కుట్టు త్వరగా మానకపోతే

పదో రోజుకల్లా పైకుట్టు అతుక్కుంటుంది. చూడవచ్చినవాళ్లు "మానిపోయిందిగా" అనేస్తారు. మానింది చర్మం మాత్రమే. దాని కింద పొట్ట గోడను పట్టి ఉంచే గట్టి పొర ఆరు వారాలకు కూడా పాత బలంలో సగం దగ్గరే ఉంటుంది. ఇంకా లోపల, గర్భసంచి తీసినచోట యోని పైకొసను మూస్తూ వేసిన కుట్టు గట్టిపడటానికి 8 నుంచి 12 వారాలు కావాలి. కీహోల్ (లాపరోస్కోపీ)లో చేసినా ఈ లోపలి కుట్టు ఉంటుంది. బయట మూడు నాలుగు చిన్న గాట్లే కనిపిస్తాయి కాబట్టి తొందరపడి పనిలో దిగేది ఎక్కువగా వీళ్లే.

ముందు డిశ్చార్జి కాగితం తీయండి. టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి చేశారు, టీఎల్‌హెచ్ అంటే కీహోల్, ఎన్‌డీవీహెచ్ అంటే కింది నుంచి, యోని గుండా. పక్కన బీఎస్ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. ఈ సంగతి తెలియకుండానే ఇంటికొచ్చే ఆడవాళ్లు ఉన్నారు. అండాశయాలు పోవడంతో వచ్చే వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోనిలో పొడిబారి మంట, అన్నీ "ఆపరేషన్ నీరసం" ఖాతాలో పడిపోతాయి. వయసు 45 లోపైతే హార్మోన్ మందుల సంగతి డాక్టర్ని తప్పకుండా అడగాలి.

ఏ రోజున ఏది

నెమ్మదిగా మానడం వేరు, తేడా చేయడం వేరు. నిన్నటికంటే ఈరోజు పిసరంత నయమైతే ఆలస్యమైనా పర్వాలేదు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగితే, ఆగిన జ్వరం తిరిగొస్తే అనుమానించాలి. ఆపరేషన్ రోజు నుంచి లెక్క రాసుకోండి, ఎందుకంటే ఒక్కో ఇబ్బందికి ఒక్కో సమయం ఉంది.

4 నుంచి 10 రోజుల మధ్య వచ్చేది గాయంలో చీము. కుట్టు చుట్టూ ఎరుపు కనిపిస్తే దాని అంచున బాల్‌పెన్నుతో గీత గీయండి. మర్నాటికి ఎరుపు గీత దాటినా, జ్వరం 38 డిగ్రీల సెంటీగ్రేడ్ (100.4 ఫారెన్‌హీట్) తాకినా వెళ్లి చూపించాలి. వాసన లేని లేత పసుపు నీరు కొద్దిగా ఊరితే అది చీము కాదు, కొవ్వు పొరలో చేరిన ఊట. దాన్నీ చూపించాలి గానీ కంగారు అక్కర్లేదు.

అదే రోజుల్లో ఉన్నట్టుండి గులాబీరంగు నీళ్లు బట్ట తడిసేలా కారితే మాత్రం లోపలి పొర విడిపోతోందని అర్థం. మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, ఉడికించి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో తడిపిన శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోన్ చేయండి. మంచినీళ్లు కూడా ఇవ్వొద్దు. పేగు బయటికి వచ్చినా లోపలికి నెట్టొద్దు.

ఒకటి రెండు వారాల మధ్య మూత్రం కారడం మొదలైతే దాన్ని "ఆపరేషన్ తర్వాత మామూలే" అని సరిపెట్టుకోవద్దు. తెల్లబట్ట అనుకుని వారాల తరబడి ప్యాడ్లు మార్చుకుంటూ కూర్చునే ఇబ్బంది ఇదే. దగ్గితే నాలుగు చుక్కలు పడటం వేరు. పడుకున్నా, నిద్రలోనూ ప్యాడ్ తడుస్తూ మూత్రం వాసన వస్తుంటే మూత్రాశయానికో, మూత్రనాళానికో (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం) రంధ్రం పడి ఉండొచ్చు. ఎక్కడి నుంచో తేల్చడానికి డాక్టర్లు యోనిలో మూడు దూది ఉండలు పెట్టి, మూత్రాశయంలోకి నీలిరంగు మందు ఎక్కించి చూస్తారు. ఉండకు నీలం అంటితే లీకు మూత్రాశయం నుంచి. రంగు లేకుండా పై ఉండ తడిస్తే మూత్రనాళం మీద అనుమానం, అప్పుడు స్కాన్ తీస్తారు. మూత్రాశయంలో చిన్న రంధ్రాన్ని తొందరగా పట్టుకుంటే, కొన్ని వారాలు మూత్రం గొట్టం ఉంచితే చాలు, దానంతటదే మూసుకోవచ్చు. డొక్కలో నొప్పి, చలిజ్వరం కూడా ఉంటే ఆ రోజే వెళ్లాలి.

రెండు మూడు వారాలకు లోపలి దారం కరిగేటప్పుడు ఎర్రచుక్కలు కాస్త పెరగడం మామూలే. గంటలో ప్యాడ్ నిండితే అది మామూలు కాదు. రెండు నెలలు దాటినా చుక్కలు ఆగకపోతే లోపలి కుట్టు మీద దుర్మాంసం పెరిగి ఉండొచ్చు. సిల్వర్ నైట్రేట్ అనే మందు అంటిస్తే చాలాసార్లు ఓపీలోనే తేలిపోతుంది.

విచ్చుకున్న గాయం

చర్మం ఒక అంగుళం విచ్చుకుంటే చాలాసార్లు మళ్లీ కుట్టరు, అడుగు నుంచి నిండనిస్తారు. మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ సెలైన్‌తో కడిగి, తడిపి పిండిన గాజుగుడ్డను వదులుగా పెట్టాలి. కుక్కితే రక్తం ఆడదు. అడుగున ఎర్రగా గింజలు గింజలుగా కనిపిస్తే కొత్త కండ వస్తున్నట్టే. హైడ్రోజన్ పెరాక్సైడ్, చిక్కటి అయోడిన్ రోజూ పోస్తే క్రిములతో పాటు ఆ కొత్త కండా చస్తుంది. పసుపు, కొబ్బరినూనె, టాల్కం పౌడర్ వద్దు.

అడ్డకోత గాటు పొట్ట మడత కింద పడుతుంది, చెమటకు నానుతుంది. స్నానం చేశాక అద్ది ఆరబెట్టి, మడతలో ఉతికిన నూలుగుడ్డ పొర పెట్టండి, తడిసినప్పుడల్లా మార్చండి. లంగా బొందు సరిగ్గా గాటు మీదో, దాని పక్కనో ఒరుసుకుంటుంది. ఆరు వారాలు నైటీయే నయం. పొట్ట బెల్టు నడిచేటప్పుడు, దగ్గేటప్పుడు చాలు, పడుకుంటే తీసేయాలి.

పథ్యం పేరుతో పస్తులు

పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్లలో గట్టిది. నిజానికి పప్పు, గుడ్డు మానేసిన ఒంట్లోనే గాయం మానదు. 60 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. చారన్నం, బ్రెడ్డుతో సగం కూడా రాదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, రెండు కప్పుల ముద్దపప్పులో 16, వండిన వంద గ్రాముల చికెన్‌లో 25, గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిపి మరో 16. మాంసం ముట్టనివాళ్లకు 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్ దాదాపు చికెన్‌తో సమానం. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టర్ చెప్పినంతే.

అధిక రక్తస్రావంతో గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ముందే రక్తం తక్కువ. ఐరన్ మాత్రకు, టీ, పాలు, కాల్షియం మాత్రకు మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి. షుగర్ ఉంటే పరగడుపున 130, తిన్న తర్వాత 180 దాటనివ్వొద్దు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లుంటే ఈ మూడు నెలలైనా మాన్పించండి. పొగాకు సన్న రక్తనాళాలను బిగించి గాయానికి రక్తం అందనివ్వదు.

కదలిక, బరువు

బాలింతలా మంచానికి అంటుకుపోతే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు నడవాలి. లేచేటప్పుడు పక్కకు తిరిగి మోచేతి మీద లేవాలి. దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకోవాలి. ఒక్క కాలి పిక్క వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే అప్పటికప్పుడు ఆసుపత్రికి.

ఆరు వారాల దాకా మూడు నాలుగు కిలోలకు మించి ఎత్తొద్దు. నీళ్ల బిందె, తడిబట్టల బకెట్, చంటిపిల్లలు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు. మలబద్ధకంతో ముక్కడమూ బరువెత్తడం లాంటిదే, కాబట్టి నీళ్లు బాగా తాగి, అవసరమైతే ఇసబ్‌గోల్ వాడండి. భార్యాభర్తల కలయిక డాక్టర్ లోపలి కుట్టు చూసి సరే అన్నాకే. తొందరపడితే ఆ కుట్టు విడిపోయి, ఒక్కసారిగా నొప్పి, నీళ్లు, లోపలి నుంచి ఏదో జారినట్టు అనిపిస్తుంది. అదీ 108 పిలవాల్సిన పరిస్థితే.

చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందులు, గాయానికి రోజూ ఒకే వెలుతురులో తీసిన ఫోన్ ఫోటోలు తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీలోనో, ఎన్టీఆర్ వైద్య సేవలోనో ఆపరేషన్ జరిగి ఉంటే, తిరిగి చేరాల్సి వస్తే ఖర్చు అందులోకి వస్తుందా అని డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తీసిన గర్భసంచి బయాప్సీ రిపోర్టు కూడా ఆ రోజే అడిగి తీసుకోండి.