తడి గుడ్డలు లెక్కపెట్టండి: పురిటి రోజుల సమస్యలు, పరిష్కారాలు

మా పాప మే నెలలో పుట్టింది. విశాఖలో మే అంటే ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు తడిసిపోయే ఉక్క. నార్మల్ డెలివరీ కాబట్టి రెండు రోజులకే ఇంటికి పంపేశారు. మూడో రోజు రాత్రి రెండింటికి మర్రిపాలెంలో మా అమ్మావాళ్ళింట్లో పరిస్థితి ఇదీ: పాప గుక్కపట్టి ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, అమ్మ "పాలు సరిపోటం లేదే, డబ్బా తెప్పిద్దాం" అంటోంది, పెద్దమ్మ "దిష్టి తగిలిందే, ఉప్పు దిగదుడవండి" అంటోంది, మా ఆయన ఫోనులో చదివిన జబ్బుల పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చెబుతున్నాడు. ఆ రాత్రి నాకు కావాల్సింది ఒక్క కాగితం. ఇదైతే ఇందువల్ల, ఇలా చెయ్యి, ఇదైతే మాత్రం ఆసుపత్రికి పరిగెత్తు అని రాసి ఉన్న కాగితం. ఇప్పుడు పాపకి ఆరో నెల, తీరిక దొరికినప్పుడల్లా ఇది రాస్తూ వచ్చాను. నేను డాక్టర్ని కాను, నాకు జరిగినవీ మా పిల్లల డాక్టరమ్మ చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

బిడ్డ ఎంతసేపూ రొమ్ము దగ్గరే, దించితే ఏడుపు. పాలు లేవేమో?

అందరి భయమూ ఇదే కాబట్టి ముందు దీని గురించే.

కారణం: మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చెంచాల లెక్కన వస్తాయి. తొలిరోజు బిడ్డ ఒక్కో తడవకి తాగేది కూడా చెంచా, రెండు చెంచాలే. అసలు పాలు పడేది మూడు నుంచి ఐదు రోజుల మధ్య, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోపు బిడ్డ గంటగంటకీ చీకుతుంది, అలా చీకితేనే పాలు దిగుతాయి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగడం మామూలే, సాయంత్రం పూట వరసగా మూడు గంటలు వదలకపోవడం కూడా మామూలే. ఏడ్చిందంటే పాలు లేనట్టు కాదు.

మరి ఉన్నాయని ఎలా తెలుస్తుంది? తడి గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఐదారు రోజులు వచ్చేసరికి రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువ. దొడ్డి మొదట తారులా నల్లగా వచ్చి, తర్వాత ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకి ఆవపిండి రంగుకి రావాలి. మా అమ్మ గోడ క్యాలెండర్ మీదే లెక్క రాసేది, ఆ రోజు గడిలో ఉచ్చకి ఒక గీత, దొడ్డికి ఒక చుక్క. వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన గీతలే గీతలు. మూడో రోజు రాత్రి అంత గొడవయ్యాక లైటు వేసి చూస్తే ఆ రోజు గడిలో నాలుగు గీతలున్నాయి. డబ్బా మాట అక్కడితో ఆగిపోయింది.

బరువు తగ్గితే కూడా కంగారు పడొద్దు. మొదటి రోజుల్లో పుట్టినప్పటి బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలు, 10 దగ్గరికొస్తే డాక్టరు చూడాలి, రెండు వారాలకి తిరిగి పుట్టిన బరువుకి రావాలి. మా పాప 2.9 కిలోలు పుట్టి 2.7కి దిగింది, పన్నెండో రోజుకి మళ్ళీ 2.9.

ఏం చెయ్యాలి: ఏడ్చేదాకా ఆగకండి. నాలుక బయటపెట్టడం, చెయ్యి నోట్లోకి తీసుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం మొదలవగానే రొమ్ముకి పట్టండి. మన మాటగా డబ్బా మొదలుపెడితే బిడ్డ చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి, అప్పుడు "చూశావా, నేను చెప్పలేదూ" అంటారు. కానీ గీతలు తగ్గాయి, నోరు ఎండిపోతోంది, బిడ్డ లేపినా లేవక మత్తుగా పడుకుంటోంది అంటే అదే రోజు డాక్టరుకి చూపించండి. డాక్టరే కొన్నాళ్ళు పైపాలు పట్టమంటే పట్టండి, అందులో మీరు ఓడిపోయిందేమీ లేదు.

అన్నట్టు పాలసొర, పాలు పడతాయని బాలింతకి పెట్టే చేప. నాన్న పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి తెచ్చేవారు, అమ్మ వెల్లుల్లి దట్టించి పిట్టు చేసేది. బాలింతకి బలమంటారు, రుచి సంగతి చెప్పక్కర్లేదు. కాకపోతే పిట్టు తిని బిడ్డని పక్క గదిలో పడుకోబెడితే పాలు పెరగవు.

చనుమొనలు పగిలాయి, పాలివ్వాలంటే ఏడుపొస్తోంది

"మొదట్లో అలాగే ఉంటుందిలే" అని నాకు ఆరుగురు చెప్పారు. కాస్త సలుపు ఉంటుంది, నిజమే. పగిలి రక్తం రావడం మాత్రం మామూలు కాదు, బిడ్డ నోట్లో మొన ఒక్కటే ఉందని అర్థం. చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి.

నేను చేసే తప్పు ఏంటంటే వంగి రొమ్మును బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. నడుం నొప్పి అదనం. వెనక్కి ఆనుకుని కూర్చుని బిడ్డనే మీ దగ్గరికి తెచ్చుకోండి, పొట్టకి పొట్ట ఆనాలి, తల ఒక్కటే పక్కకి తిరిగి ఉండకూడదు. మొనతో పై పెదవి మీద రాస్తే ఆవులించినంత నోరు తెరుస్తుంది, ఆ క్షణంలోనే దగ్గరికి లాక్కోవాలి. గెడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి. నొప్పి ఆగలేదంటే సరిగా పట్టనట్టే. అప్పుడు లాగెయ్యకండి, నోటి చివర చిటికెనవేలు పెట్టి పట్టు విడిపించి మళ్ళీ పట్టించండి. నాకు ఒక్కో రాత్రి నాలుగైదు సార్లు పట్టేది. తాగాక రెండు చుక్కల పాలే మొనకి రాసి గాలికి ఆరనివ్వండి, సబ్బు వద్దు. నాలుగు రోజులకి మానింది.

రొమ్ములు రాళ్ళలా బిగుసుకున్నాయి

పాలు పడ్డ కొత్తలో ఇలాగే ఉంటుంది, జాకెట్టు తగిలినా ప్రాణం పోతుంది. తాగించే ముందు గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, చేత్తో కొంచెం పిండి మెత్తబరిస్తే బిడ్డకి పట్టు దొరుకుతుంది. తాగాక చల్లని గుడ్డ వెయ్యండి. తడవలు దాటెయ్యకండి. ఒకే చోట ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉండి చలిజ్వరం వచ్చిందంటే మాత్రం అది ఇన్ఫెక్షన్ కావచ్చు, మందు కావాలి, ఆ రోజే వెళ్ళండి. ఆ వైపు పాలు ఆపమంటారు ఇంట్లోవాళ్ళు, ఆపకూడదు, ఆపితే ఇంకా గడ్డ కడుతుంది.

ఒళ్ళు పచ్చబడింది

నేను పొరబడింది ఇక్కడే. నాలుగో రోజు పొద్దున పాప ముఖం పచ్చగా కనిపించింది. "పసిరికలే (కామెర్లు), అందరికీ వస్తాయి, లేత ఎండలో పెట్టు" అన్నారు. రెండు పూటలు బాల్కనీలో పెట్టాను. పిల్ల కందిపోయింది కానీ పసుపు తగ్గలేదు, సాయంత్రానికి పొట్ట దాటి తొడలకి దిగింది.

కారణం: బిడ్డ రక్తంలో పాత ఎర్రకణాలు విరిగి పసుపు పదార్థం తయారవుతుంది, లేత కాలేయం దాన్ని వెంటనే బయటికి పంపలేదు. పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా రెండు మూడు రోజులకి ఇది వస్తుంది, చాలామందికి దానంతట అదే పోతుంది. కానీ మోతాదు బాగా పెరిగితే మెదడుకి దెబ్బ. ఎంత అన్నది కంటితో తేలదు, ఒళ్ళు చామనఛాయగా ఉంటే అసలే తేలదు.

ఏం చెయ్యాలి: పగటి వెలుతురులో నుదుటి మీద, రొమ్ము మీద, కాలి మీద వేలితో నొక్కి వదలండి, పసుపు ఎక్కడిదాకా దిగిందో కనిపిస్తుంది. కాళ్ళకి దిగితే, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడితే, బిడ్డ మత్తుగా ఉంటే ఆగకండి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, దొడ్డి సున్నంలా తెల్లగా వచ్చినా వెంటనే వెళ్ళాలి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఒకసారి పరీక్ష చేయించాలి. బాల్కనీ ఎండ వైద్యం కాదు, మన ఊరి మే ఎండ అసలే కాదు. ఆసుపత్రికి తీసుకెళ్తే పాపని పరీక్ష చేసి, బిడ్డ వయసు గంటల్లో లెక్కగట్టి, ఎన్నో వారంలో పుట్టిందో చూసి, నీలం లైటు కింద పెట్టారు. కళ్ళకి గంతలు కట్టుకుని, డైపర్‌తో, బీచ్‌లో పడుకున్నట్టు పడుకుంది మా పిల్ల. నేను రెండు మూడు గంటలకోసారి వెళ్ళి పాలిచ్చేదాన్ని, ఎందుకంటే ఆ పసుపు పోయేది దొడ్డిలోనే. రెండు రోజుల్లో ఇంటికొచ్చాం. ఆ పొద్దున్నే వెళ్ళి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒళ్ళు వేడిగా ఉంది, మెడ మీద చెమటకాయలు

స్వెటరు, టోపీ, సాక్సులు, మీద దుప్పటి, తలుపులు మూసి సాంబ్రాణి. మే నెలలో! మా పాపకి 37.7 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. ఒక్కో పొరా తీసి, పాలిచ్చి, పావుగంట తర్వాత చూస్తే 37.1. జ్వరం కాదు, మేం ఉడకబెట్టాం. మనం వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ చాలు, ఉక్కలో అదీ అక్కర్లేదు. ఫ్యాను, ఏసీ తగలొచ్చు, గాలి నేరుగా ముఖాన కొట్టకుండా చూసుకోండి. పౌడరు వద్దు, సాంబ్రాణి పొగ బిడ్డ గదిలో వద్దు. థర్మామీటరు మాత్రం ఇంట్లో ఉండి తీరాలి. 38, అంటే 100.4 ఫారెన్‌హీట్ ఉంటే సొంతంగా చుక్కల మందు వెయ్యకుండా తిన్నగా డాక్టరు దగ్గరికి. ఈ వయసులో ఒళ్ళు చల్లబడిపోవడం కూడా జ్వరమంత ప్రమాదమే.

పగలు నిద్ర, రాత్రి జాగారం

కడుపులో ఉన్నప్పుడు దానికి పగలేంటి రాత్రేంటి. పగలు కిటికీలు తెరవండి, ఇల్లు మామూలు చప్పుళ్ళతో ఉండనివ్వండి, రాత్రి చిన్న లైటు, మాటలు తక్కువ. వారాల మీద సర్దుకుంటుంది, వెంటనే కాదు. పడుకోబెట్టేది వెల్లకిలా, తలగడ లేకుండా. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి పంపిన అత్తయ్యగారికి దండం పెట్టి దిండు బీరువాలో పెట్టాను.

చూసి హడలిపోయేవి, నిజానికి ఏమీ కానివి

ఎక్కిళ్ళు, తుమ్ములు, తాగాక నోటి పక్కనుంచి కాసిని పాలు కారడం. మొదటి వారంలో ఆడపిల్ల డైపర్‌లో రక్తపు చుక్క: తల్లి హార్మోన్ల ప్రభావం. ఆడైనా మగైనా బిడ్డ రొమ్ములు ఉబ్బి పాలచుక్క రావడం కూడా అందుకే, పిండొద్దు, చీము పడుతుంది. ఒంటి మీద ఎర్ర దద్దుర్లు వచ్చి పోతుండటం. బొడ్డు ఊడినప్పుడు ఒక చుక్క రక్తం. ఒకటి రెండు వారాల్లో బొడ్డు దానంతటదే ఊడుతుంది, పొడిగా ఉంచి డైపర్ దాని కిందికి మడవడమే మన పని. పసుపు, నూనె, కాటుక పెట్టొద్దు. చుట్టూ ఎర్రబడినా, వాసనొచ్చినా చూపించాలి.

పరిష్కారం అనుకుని తెచ్చుకునే సమస్యలు

తేనె నాకించడం (ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, అందులోని క్రిములు పసిబిడ్డ పేగుల్లో విషం తయారుచేస్తాయి), పంచదార నీళ్ళు, ఆముదం పట్టడం, వస అరగదీసి పొయ్యడం, ముక్కులో నూనె, కళ్ళకి కాటుక. ఆరు నెలలదాకా తల్లిపాలే, ఈ వేడిలో కూడా మంచినీళ్ళు అక్కర్లేదు. పెద్దవాళ్ళతో వాదించకండి, "డాక్టరమ్మ తిడతారమ్మా" అంటే చాలు. మా ఇంట్లోనైతే డాక్టరమ్మ ఎన్నడూ అనని మాటలు కూడా ఆవిడ పేరున చెప్పాను.

తల్లికి

మలబద్ధకం, కుట్లు లాగడం: బాలింతకి నీళ్ళు తగ్గిస్తారు, కూరలు తగ్గిస్తారు, కారప్పొడి అన్నమే. పాలిచ్చేదానికి నీళ్ళు తగ్గించడంలో అర్థం లేదు. దాహం వేసినప్పుడల్లా తాగండి, కూరలు, పళ్ళు తినండి. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టడం గర్భసంచి ముడుచుకోవడం వల్లే, తగ్గిపోతుంది. బ్లీడింగ్ నాలుగు నుంచి ఆరు వారాలు ఉండొచ్చు, రంగు తేలిపోతూ రావాలి. మా పిన్ని కూతురికి సిజేరియన్ తర్వాత కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే హాయి, అది వెన్నుకిచ్చిన మత్తు వల్ల, ఆసుపత్రికి చెబితే మందిచ్చారు. ఎలా పడుకున్నా తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం వేరు, అది బీపీ కావచ్చు, పురుడయ్యాక ఆరు వారాలదాకా రావచ్చు.

ఇక ఏడుపు. మూడో రోజు మొదలై కారణం లేకుండా కన్నీళ్ళు, బారసాల చీర రంగు గురించి కూడా ఏడ్చాను. పురుడయ్యాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, దానికి నిద్రలేమి తోడు. రెండు వారాల్లో తేలిపోవాలి. తేలకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర రాకపోతే, చచ్చిపోవాలనో బిడ్డని ఏదైనా చెయ్యాలనో ఆలోచన వస్తే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. డాక్టరుకి చెప్పండి, 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. "బంగారంలాంటి బిడ్డని పెట్టుకుని ఏడుపేంటే" అన్నవాళ్ళ మాట పట్టించుకోకండి.

తెల్లారేదాకా ఆగకూడనివి

బిడ్డకి: తాగడం మానెయ్యడం, లేపినా లేవకపోవడం, ఊపిరికి పక్కటెముకలు లోపలికి లాక్కుపోవడం లేదా మూలుగు, పెదవులు నీలం, ఫిట్స్, ఆకుపచ్చ వాంతి, జ్వరం. తల్లికి: గంటకో ప్యాడు తడిసిపోవడం, కోడిగుడ్డంత గడ్డలు పడటం, చలిజ్వరం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, ఆయాసం, ఎలా పడుకున్నా తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం. 108కి చెయ్యండి, లేదా ఆటో ఎక్కి పురుడు పోసుకున్న ఆసుపత్రికో, విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో వెళ్ళిపోండి. బయల్దేరేముందు క్యాలెండర్‌కి ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. మేం లైటు కోసం వెళ్ళిన సాయంత్రం డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది "ఇవాళ ఎన్నిసార్లు తడిపింది?" అనే, నాకు గుర్తు లేదు, అమ్మ మాత్రం ఏకంగా క్యాలెండర్‌నే మేకు నుంచి పీకి సంచిలో పెట్టుకొచ్చింది.