రెండు బ్యాక్‌గామన్ ప్రోగ్రాములను వాటంతట అవే ఆడించే పద్ధతి

విశాఖలో కంప్యూటర్ సైన్స్ చదువుతూ బ్యాక్‌గామన్ (పాచికలతో ఇద్దరు ఆడే బల్ల ఆట) ఆడే ప్రోగ్రాంను సొంతంగా రాసుకున్న విద్యార్థులు, దాని సత్తా తేల్చుకోవడానికి ఒక తెరపై కనిపించిన ఎత్తును మరో తెరలోకి చేత్తో ఎక్కిస్తూ కూర్చోనవసరం లేదు. ఉచితంగా లభించే గ్నూ బ్యాక్‌గామన్ అనే ప్రోగ్రాంలో ఒక ఆటగాణ్ణి ‘ఎక్స్‌టర్నల్’గా, అంటే బయటి ప్రోగ్రాంగా నిర్ణయించి, మీ ప్రోగ్రాం ఏ కంప్యూటర్‌లో, ఏ పోర్టు వద్ద వేచి ఉందో తెలిపితే, మీ ప్రోగ్రాం వంతు వచ్చినప్పుడల్లా గ్నూ బ్యాక్‌గామన్ ఆట స్థితిని సాకెట్ (రెండు ప్రోగ్రాముల మధ్య సమాచార మార్గం) ద్వారా పంపి, జవాబుగా వచ్చిన ఎత్తును తానే అమలు చేస్తుంది. పాచికలు వేసే పని కూడా దానిదే.

ఆ స్థితి, ఇంటర్నెట్‌లో బ్యాక్‌గామన్ ఆడించేందుకు 1992లో మొదలైన ఫిబ్స్ సర్వర్ వాడిన రూపంలో, కోలన్లతో విడదీసిన ఒకే పంక్తిగా వస్తుంది. అందులో గళ్లను, బార్‌లను (దెబ్బతిన్న కాయలు వేచి ఉండే చోట్లను) సూచించే 26 సంఖ్యలుంటాయి. కాయల రంగును ధన, రుణ గుర్తులు తెలుపుతాయి. రంగు, ఆడే దిశ అనే అంశాలను సరిగా చదవకపోతే ప్రోగ్రాం తలకిందులుగా ఆలోచిస్తుంది కనుక, మొదట వాటినే పరీక్షించడం మేలు. జవాబు ‘8/5 6/5’ (ఎనిమిదో గడి నుంచి ఒక కాయ, ఆరో గడి నుంచి ఒక కాయ ఐదో గడికి) వంటి రూపంలో ఉండాలి. డబ్లింగ్ క్యూబ్‌కు (ఆట పందేన్ని రెట్టింపు చేసే పాచికకు) జవాబివ్వడం మీ ప్రోగ్రాంకు ఇంకా రాకపోతే, క్యూబ్ వాడకాన్ని నిలిపివేసి మొదలుపెట్టవచ్చు.

పది ఆటల ఫలితం పాచికల అదృష్టాన్నే చూపుతుంది; వందలాది ఆటలు ఆడించాలి. మన మే నెల ఉక్కపోతలో ఆ పనిని రాత్రివేళకు పెట్టుకుంటే లాప్‌టాప్‌కు కాస్త ఊరట.