పాత జీపు ఇంజను: పోత నంబరు చూసి సామాను కొనడం

నల్లగొండ, మిర్యాలగూడ వైపు పాత సామాను దుకాణాల్లో జీపు ఇంజను బ్లాకో (సిలిండర్లుండే దిమ్మ) హెడ్డో (దాని పై మూత) కొనేముందు పోత నంబరు చూడండి. అది అచ్చులోనే వస్తుంది కాబట్టి ఉబ్బెత్తుగా ఉంటుంది. పంచుతో కొట్టిన ఇంజను నంబరు లోపలికి దిగి ఉంటుంది, అది వేరు. కిరోసిన్, వైరు బ్రష్షుతో జిడ్డు తీసి సుద్దముక్క అడ్డంగా రుద్దితే అంకెలు తేలతాయి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు, నంబరే పోతుంది. 3, 8 తికమక పెడితే టార్చి పక్కనుంచి కొట్టి చూడండి.

మీ ఇంజను పోత నంబరుతో కలిస్తే చాలదు, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) కూడా కొలవాలి. నాలుగు సిలిండర్ల విల్లీస్ జీపు ఇంజనుకు అసలు కొలత 79.4 మి.మీ. 79.9 వచ్చిందంటే 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) రీబోరు అయినట్టే, అంటే సిలిండరు తొలిచి పెద్దది చేసినట్టు, స్టాండర్డ్ పిస్టన్లు వదులవుతాయి. ఈ ఇంజన్లలో ఎల్-హెడ్, ఎఫ్-హెడ్ అని రెండు రకాలు. ఎల్-హెడ్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. ఎఫ్-హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో ఉంటాయి. బోరు ఒకటే కదా అని దీని హెడ్డు దానికి కొనకండి.