కారు లోనులో ‘ఫ్లాట్’ వడ్డీతో జాగ్రత్త

బెంగళూరులో కొత్త కారు కొనబోయే మనవాళ్లకు ఒక మాట. షోరూములో "నెలకు ఎంత కట్టగలరు సార్?" అని అడిగితే అంకె చెప్పకండి. గడువు పెంచితే ఏ ఈఎమ్ఐ అయినా తక్కువగానే కనిపిస్తుంది. ముందు ఆన్‌రోడ్ ధర (ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి) తేల్చుకోండి, లోను సంగతి తర్వాత.

వడ్డీ 7 శాతమే అంటే, అది ఫ్లాటా (మొదట తీసుకున్న అప్పు మొత్తం మీద వడ్డీ) రెడ్యూసింగా (ఇంకా మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని తప్పకుండా అడగండి. 5 లక్షలకు 5 ఏళ్లు, 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీయే 1,75,000 రూపాయలు, నెలకు 11,250. తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాం. రెడ్యూసింగ్ లెక్కలో అది దాదాపు 12.5 శాతం! మీ జీతం పడే బ్యాంకులో ముందే లోను మంజూరు చేయించుకుని వెళ్తే ఆ టెన్షనే ఉండదు.

కొటేషన్‌లో ప్రతి లైనూ చదవండి. హ్యాండ్లింగ్ చార్జీలు, అడగని యాక్సెసరీలు ఉంటే తీసేయమనండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయటి కొటేషన్ చూపించి బేరమాడండి. కర్ణాటక లైఫ్ ట్యాక్స్ మాత్రం తప్పదు. కారు ధర 10 లక్షలు దాటితే షోరూము మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే 1 శాతం పన్ను, అంటే టీసీఎస్‌ను ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, దాని సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.