కర్బన తటస్థత ప్రకటించాక లెక్క కుదరకపోతే: విశ్వవిద్యాలయాలకు సమస్య - పరిష్కారం

ఫలానా ఏడాదికల్లా కర్బన తటస్థత (తమ కర్బన ఉద్గారాల నికర మొత్తాన్ని సున్నాకు తేవడం) సాధిస్తామని ప్రకటించిన విశ్వవిద్యాలయాలు కొన్నేళ్లకే తమ అంకెలను తామే సమర్థించుకోలేని స్థితికి చేరవచ్చు. ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం లెక్క కట్టే తీరులోనే పుడతాయి కనుక, పైకి కనిపించే లక్షణాన్ని బట్టి వాటి కారణాన్ని పట్టుకోవచ్చు.

నివేదికలో ఉద్గారాలు తగ్గాయి, మీటరులో యూనిట్లు తగ్గలేదు

మొదట గ్రిడ్ గుణకాన్ని, అంటే గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ కరెంటుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో తెలిపే అంకెను చూడండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించే ఈ అంకె ఇటీవలి సంవత్సరాల్లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా ఉంది. అది కాస్త తగ్గితే, క్యాంపస్‌లో ఒక్క ఫ్యాను ఆపకపోయినా మొత్తం తగ్గినట్టు కనిపిస్తుంది. గుణకం మారలేదంటే లెక్క పరిధి మారి ఉంటుంది. హాస్టల్ మెస్‌ను కాంట్రాక్టరుకు అప్పగించిన ఏడాది నుంచి అక్కడి గ్యాస్ సిలిండర్లు స్కోప్ 1 (సంస్థ తానే కాల్చే ఇంధనం, తన యంత్రాల నుంచి కారే వాయువుల ఉద్గారాలు) నుంచి తప్పుకుంటాయి, కానీ వంట అదే పొయ్యి మీద సాగుతూనే ఉంటుంది. పరిధి మారినప్పుడు ప్రాతిపదిక సంవత్సరాన్ని (పోలికకు ఆధారంగా తీసుకున్న ఏడాదిని) కూడా కొత్త పరిధితో తిరిగి లెక్కించాలని ఉద్గారాల లెక్కకు అంతర్జాతీయంగా వాడే ప్రమాణమైన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ చెబుతుంది. దానితోపాటు యూనిట్లు, డీజిల్ లీటర్లు, సిలిండర్ల సంఖ్యను టన్నుల పక్కనే ప్రచురిస్తే చదివేవారు తామే సరిచూసుకోగలరు.

దీనికి వ్యతిరేక లక్షణం, అంటే ఏటా ఉద్గారాలు పెరుగుతున్నట్టు కనిపించడం, తరచుగా 2020-21ని ప్రాతిపదికగా తీసుకోవడం వల్ల వస్తుంది. హాస్టళ్లు మూతపడిన ఏడాదితో పోల్చడం సరికాదు. 2019 లాంటి మామూలు ఏడాదినో, కొన్నేళ్ల సగటునో తీసుకోవాలి.

తటస్థత గడువు దగ్గరపడింది, బాయిలర్ మాత్రం మండుతూనే ఉంది

అన్నిటికంటే లోతైన సమస్య ఇదే. పది క్యాంపస్‌ల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, 2025 నాటికి స్కోప్ 1, స్కోప్ 2 (కొన్న విద్యుత్తు తాలూకు) ఉద్గారాలలో తటస్థత సాధిస్తామని 2013లో అప్పటి అధ్యక్షురాలు జానెట్ నపోలిటానో నాయకత్వంలో ప్రకటించింది. అయితే దాని పెద్ద క్యాంపస్‌లలో చాలావాటికి విద్యుత్తునూ వేడినీ కలిపి ఇచ్చే ప్లాంట్లు సహజవాయువుతోనే నడుస్తుండడంతో, వాటిని మార్చకుండా గడువు అందుకోవాలంటే బయటి నుంచి కార్బన్ క్రెడిట్లు (వేరేచోట జరిగిన ఉద్గారాల తగ్గింపును తమ లెక్కలో చూపుకునే పత్రాలు) కొనడమే మిగిలింది. 2023లో విధానాన్ని మార్చి, 2019తో పోలిస్తే స్కోప్ 3ను (ప్రయాణాలు, కొనుగోళ్ల వంటి పరోక్ష ఉద్గారాలను) కూడా కలుపుకుని 2045 నాటికి కనీసం 90 శాతం నిజమైన తగ్గింపును లక్ష్యంగా పెట్టుకున్నారు. గడువు ఇరవై ఏళ్లు జరగడం బాధాకరమే, ఆ ఇరవై ఏళ్లలో మండే వాయువు వాతావరణంలోకే చేరుతుంది. అయినా క్రెడిట్లతో చూపించే సున్నా కంటే ఈ లక్ష్యమే నిజాయితీగలదని నా అభిప్రాయం.

పరిష్కారం యంత్రాల గదిలో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2015లో తన సహజవాయు ప్లాంటును పక్కనపెట్టి, భవనాలను చల్లబరిచేటప్పుడు బయటికి పోయే వేడినే పట్టి, ఆవిరి గొట్టాల స్థానంలో వేసిన వేడినీటి గొట్టాల ద్వారా ఇతర భవనాలకు పంపడం మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల క్యాంపస్‌లలో గదులు వేడిచేసే అవసరం పెద్దగా లేకపోయినా, సెంట్రల్ ఏసీ చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు) వదిలే వేడితో హాస్టల్ స్నానాల నీళ్లు కాచుకోవచ్చు.

సోలార్ పెట్టినా కరెంటు బిల్లు పెరిగింది

కొత్త ఏసీలు సోలార్ ఉత్పత్తిని మింగేసి ఉండవచ్చు, లేదా హాస్టళ్ల వాడకం పొద్దుగుంకాక పెరుగుతుండవచ్చు. భవనానికొక సబ్‌మీటరు లేకుండా ఏది కారణమో తేలదు. ఆ సోలార్ విద్యుత్తు తాలూకు పునరుత్పాదక ధ్రువపత్రాలను (అది పునరుత్పాదక విద్యుత్తని చూపే, అమ్ముకోదగ్గ పత్రాలను) ఇతరులకు అమ్మి ఉంటే, దాన్ని మన ఖాతాలో చూపుకోకూడదు.

స్కోప్ 1 నమ్మశక్యం కానంత తక్కువగా ఉంది

జనరేటర్ డీజిల్ మాత్రమే లెక్కించి, ఏసీల నుంచి కారే గ్యాస్‌ను మరచి ఉంటారు. ఏసీలలో వాడే ఆర్-410ఏ వాయువు వేడిమి ప్రభావం కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,000 రెట్లు. పది కిలోలు కారితే దాదాపు 20 టన్నులు, అంటే సుమారు 7,500 లీటర్ల డీజిల్ కాల్చినట్టే. ఏసీ మెకానిక్ గ్యాస్ నింపిన ప్రతిసారీ ఎన్ని కిలోలు పట్టిందో బిల్లుపై రాయించుకుంటే చాలు.

చెట్లతో లెక్క సున్నాకు వచ్చింది

ఏడాదికి కోటి యూనిట్లు వాడే క్యాంపస్ ఉద్గారం దాదాపు 7,000 టన్నులు. ఒక్కో చెట్టు ఏడాదికి 20 కిలోలు పీల్చుకుంటుందనుకున్నా 3,50,000 ఎదిగిన చెట్లు కావాలి. మొక్కలు తప్పక నాటాలి, వాటి లెక్కను మాత్రం మొత్తం నుంచి తీసివేయకుండా వేరే వరుసలో చూపాలి.

ప్రణాళిక ఉంది, పని కదలడం లేదు

హామీకి నిధి కేటాయించలేదు, బాధ్యుడెవరో చెప్పలేదు. ఉద్గారాల పట్టికను వార్షిక బడ్జెట్‌తోపాటే పాలకమండలి ముందు పెట్టి, దానిపై రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్ ఇద్దరూ సంతకం చేయాలి. పాత చిల్లర్, బాయిలర్ మార్పిడికి ఆ సమావేశంలోనే నిధులు మంజూరు చేయించుకోవాలి.